శుక్రవారం మధ్యాహ్నం రెండూ ముప్పై అయిదు

ఆ ఆఫీసులో ఆమెను అందరూ సైరనక్క అంటారు. నీళ్ళ పంపులకు వేసే రబ్బరు రింగుల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు గేటు గదిలో కూర్చుని హాజరు రాసింది. షిఫ్టు మారినప్పుడల్లా గోడకున్న ఎర్ర బటన్ నొక్కి సైరన్ మోగించింది. ఆ ఫ్యాక్టరీని యజమానులు మూసేశారు. నష్టం వచ్చి కాదు, ఇంకోచోట ఇంతకంటే చవగ్గా మనుషులు దొరుకుతారని. యాభై ఏళ్ళ వయసులో ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని రెండు వేళ్ళతో టైపు చెయ్యడం నేర్చుకుంది. ఓ ప్రచార సంస్థలో హాజరు చూసే పనికి చేరింది. ఏడాది తిరగకుండానే ఆ సంస్థలో అసలు పని చేతికొచ్చింది.

ఆ పనేమిటో చెబితే మొదట్లో ఇంట్లోవాళ్ళు కూడా నమ్మలేదు. పెద్ద కంపెనీల అధిపతులు ఆన్‌లైన్‌లో ఉండే ఉద్యోగస్తుల నెట్‌వర్క్‌లో రాసే మంచి మాటలన్నీ మొబైల్ రిపేరు షాపు పైనున్న ఆ రెండో అంతస్తులో, ఆరు టేబుళ్ళ మీద తయారవుతాయి. ఒకరు రాస్తారు. ఒకరు ఫోటో అతికిస్తారు. అది ఏ రోజు ఏ నిమిషానికి జనం కళ్ళ పడాలో చూసి టైము కట్టేది సైరనక్క. తాను రోజూ నాలుగింటికే లేచి కార్మికుల గురించి ఆలోచిస్తానని ఒక చైర్మన్ గారి పోస్టు. దాన్ని మంగళవారం తొమ్మిదీ పదికి వదిలితే నాలుగు వేలమంది చప్పట్లు కొట్టారు. అప్పటికి చైర్మన్ గారు ఇంకా పక్క దిగలేదని, మర్నాటి పోస్టు ఫోటో చూసి సరేననడం కాస్త ఆలస్యమవుతుందని ఆయన సెక్రటరీయే ఫోన్‌చేసి చెప్పింది.

ఆ ఆఫీసు గోడకు ఒక పెద్ద చార్టు ఉంది. మంగళ, బుధ, గురువారాలు పొద్దున ఎనిమిది నుంచి పది వరకు ముదురు ఆకుపచ్చ. సోమవారం లేత పసుపు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఎరుపు. దాన్ని తయారుచేసిన పక్క కుర్చీ ఆయనకు చార్టుబాబు అని పేరు పెట్టింది సైరనక్కే. చేరిన మొదటిరోజు ఆయన ఆమెను ఆంటీ అన్నాడు. నీకూ నాకూ మధ్య తలవెంట్రుకల తేడాయే గాని వయసు తేడా అంత లేదని ఆమె బదులిచ్చింది. అప్పటికే సగం బట్టతల అయిన ఆయన ఆ రోజునుంచి అక్కా అనడం మొదలెట్టాడు. మంచివాడు. చార్టు తప్పంటే మాత్రం ఒప్పుకోడు.

సైరనక్క భర్త పారిశ్రామికవాడకు కార్మికులను చేరవేసే బస్సు నడుపుతాడు. వాళ్ళింటి మేడమీది గదిలో ఆయన చెల్లెలు ఉంటుంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. చేసుకోవాలనిపించలేదు, అంతే. అదే రింగుల ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళు తనిఖీ టేబుల్ దగ్గర పనిచేసింది. రింగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి దొర్లిస్తే చాలు, వెంట్రుకవాసి పగులున్నా ఆ వేళ్ళకు తెలిసిపోతుంది. లెన్సుతో చూసేవాళ్ళు ఆ తర్వాత చూసి ఔననేవారు. వదినకూ ఆడపడుచుకూ ఒకేరోజు పని పోయింది. వదినకు దొరికింది. ఆడపడుచుకు ఎనిమిది నెలలైనా దొరకలేదు.

తిరగని చోటు లేదు. గేట్ల దగ్గర ఆపేస్తున్నారు, అంతా ఆన్‌లైన్‌లోనే అంటున్నారు. సరేనని ఆమె కూడా ఆ నెట్‌వర్క్‌లో చేరింది. చార్టుబాబు పుణ్యమా అని ఏడు వారాలు ఏడు మంగళవారాలు పొద్దున పదింటికి పోస్టు పెట్టింది. రెండు రింగుల ఫోటో, కింద నాలుగు ముక్కలు: ఈ రెండింటిలో ఒకటి పనికిరాదు, ఏదో చెప్పగలరా, నేను పదిహేడేళ్ళుగా చెబుతున్నాను, పని వెతుక్కుంటున్నాను. ప్రతిసారీ పది పదిహేనుమంది ఆల్ ది బెస్ట్ అన్నారు. అందరూ పని పోయినవాళ్ళే. ఏ ఫ్యాక్టరీ నుంచీ ఒక్క మాట రాలేదు.

బజారులో ఒక బట్టల దుకాణం యజమానురాలు బిల్లింగ్ కౌంటర్లో ఆమెకోసం ఒక కుర్చీ ఆపి ఉంచింది, నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమంది. ఆడపడుచు ఆ గడువుకు ఒప్పుకుంది. బిల్లింగ్ పని తక్కువదేమీ కాదు. కానీ పదిహేడేళ్ళు వేళ్ళలోకి ఎక్కించుకున్న విద్య ఒకసారి కౌంటర్ వెనక కూర్చుంటే మళ్ళీ ఎవరికీ కావాల్సి రాదని ఆమెకు తెలుసు, ఇంట్లోవాళ్ళకూ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. నెలాఖరుకు పదిరోజులుంది.

సైరనక్క బుర్రలో ఆ బుధవారం పొద్దున ఒక మాట తట్టింది. చార్టు ముందు నిలబడి చాలాసేపు చూసి, ఈ ఆకుపచ్చ ఎవరిదని చార్టుబాబును అడిగింది. ఎవరిదేంటి, అందరిదీ అన్నాడాయన. అందరిదీ కాదు, ఆఫీసు కుర్చీల్లో కూర్చునేవాళ్ళదని ఆమె వాదించింది. ఫ్యాక్టరీలో మనుషులను తీసుకోవాలా వద్దా అని చెప్పేది షిఫ్టు సూపర్‌వైజర్. ఆయన మంగళవారం పదింటికి మిషన్ల మధ్య ఉంటాడు. ఫోను ఆయన జేబులో ఉండదు. గేటు పక్క లాకరులో ఉంటుంది. లోపలికి ఫోన్లు పోనివ్వరు, ఏ ఫ్యాక్టరీలోనైనా అంతే. ఆ లాకరు తాళంచెవులు పంతొమ్మిదేళ్ళు ఆమె మొలకే వేలాడాయి.

చార్టుబాబు తన చార్టు వంక మళ్ళీ ఒకసారి చూశాడు. మొదటి అరగంటలో నలుగురైనా ముట్టుకోకపోతే పోస్టు అడుక్కు జారిపోతుందని, ఆయన లాకరు తెరిచేసరికి పదింటి పోస్టు ఎక్కడో పాతాళంలో ఉంటుందని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. మరి ఎప్పుడు పెడతావక్కా అన్నాడు. మొదటి షిఫ్టు దిగేది రెండింటికి, ఈ చేత్తోనే కదా సైరన్ మోగించాను అని ఆమె నవ్వింది. ఆ రోజే మధ్యాహ్నం సరిగ్గా రెండింటికి ఆడపడుచు పోస్టు బయటికి వెళ్ళేలా టైము కట్టింది. ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు.

సాయంత్రానికి ఆల్ ది బెస్టులు తొమ్మిది. అంతే.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే మెట్ల మీద కూలబడింది సైరనక్క. ఆడపడుచు మేడమీంచి దిగివచ్చి, సంగతి విని, పక్కనే కూర్చుంది.

"వదినా, సైరన్ మోగితే డ్యూటీ అయిపోతుందని నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పేదేంటి. మోగించేదాన్నే నేనైతే."

"నువ్వు మోగించేసి అన్నానికి పోయేదానివి. మాకు ఇంకో ఇరవై అయిదు నిమిషాలు పట్టేది."

ఆ ఇరవై అయిదు నిమిషాల్లో ఏం జరిగేదో ఆడపడుచు వరసగా చెప్పుకొచ్చింది. తనిఖీ అయిన ట్రేలు లెక్కపెట్టి తర్వాతి షిఫ్టువాళ్ళకు అప్పగించాలి. పనికిరాని రింగుల ట్రేకి ఎర్ర చీటీ కట్టాలి. రింగులు పోసే ఏ అచ్చు మొరాయిస్తోందో, ఎక్కడ వేడి ఎక్కువవుతోందో వచ్చినవాళ్ళకు విడమర్చి చెప్పాలి. సూపర్‌వైజర్ అవన్నీ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి. చేతులకంటిన నలుపు సబ్బుకు పోదు, రెండుసార్లు తోమాలి. ఆ తర్వాత లాకర్ల ముందు వరస. ఫోను చేతిలోకి వచ్చేసరికి రెండూ ఇరవై అయిదు. ఒక్కరోజు కూడా అంతకంటే ముందు వచ్చింది లేదు.

సైరనక్క ఎర్ర బటన్ నొక్కేది, రిజిస్టరులో బయటికి అనే గడిలో పైనుంచి కిందిదాకా అందరికీ రెండు గంటలు అని దించేది, గేటునూ లాకరు తాళంచెవులనూ ఇంకొకరికి అప్పగించి భోజనానికి వెళ్ళేది. వాళ్ళు నిజంగా బయటికి రావడం ఆమె పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ చూడలేదు.

"నేను అందరికీ రెండు అని రాశాను" అంది చివరికి.

"రాశావు. గుండ్రంగా, ముత్యాల్లా రాశావు. మేమంతా చూసి మురిసిపోయేవాళ్ళం."

"ఎగతాళి చెయ్యకు. ఒక్కరోజైనా చెప్పలేదేం?"

"నీకు తెలుసనుకున్నాం వదినా. పైవాళ్ళు అలా రాయమంటే రాస్తోంది పాపం అనుకున్నాం."

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వందమందికి పైగా మనుషులు, రోజుకు మూడు షిఫ్టులు, పంతొమ్మిదేళ్ళు. ఆ నిమిషాలు ఏ రిజిస్టరులోనూ లేవు. పనిచేసినవాళ్ళ నడుముల్లోనూ మోకాళ్ళలోనూ ఉన్నాయి. ఒక నిజాయితీ గల మనిషి చేత రోజూ అబద్ధం రాయించడానికి యజమాని పెద్దగా కష్టపడక్కర్లేదు. ఆ మనిషి భోజనం వేళను సరైన చోట పెడితే చాలు. అప్పగింతల పనిని పనిగా లెక్కించని ఫ్యాక్టరీలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి గేటు గదుల్లో ఇప్పుడు కూడా ఎవరో ఒకరు చక్కటి అక్షరాలతో రెండు అని రాస్తూ ఉండి ఉంటారు.

బస్సు డ్రైవర్ పెరట్లో తన యూనిఫాం ఆరేస్తూ ఇదంతా వింటున్నాడు. భార్యనూ చెల్లెలినీ చూసి, ఇందులో నన్నొక్క మాట అడగాలని మీకు తోచలేదేం అన్నాడు. అయితే చెప్పమన్నట్టు వాళ్ళిద్దరూ చూశారు.

"రెండున్నరకు బండి తీస్తాను. మొదటి అయిదు నిమిషాలు ఇళ్ళకు ఫోన్లు. కూర ఏం చేశావ్, పిల్లాడు వచ్చాడా, ఇదే గోల. ఆ తర్వాత అద్దంలోంచి వెనక్కి చూస్తే ఒక్క మొహం కనపడదు, అన్నీ నెత్తులే. ఫ్లైఓవర్ దిగేదాకా తల ఎత్తరు."

"సూపర్‌వైజర్లు కూడానా అన్నయ్యా?"

"వాళ్ళయితే మరీనూ. ముందు సీట్లు వాళ్ళవే కదా. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడినా ఫోను వదలరు."

అంటే రెండూ ముప్పై అయిదు. గంట తేలింది, ఇక రోజు తేలాలి. దాన్ని తేల్చింది మళ్ళీ ఆడపడుచే. వచ్చేవారం ఎవరు ఏ షిఫ్టు అనే కాగితాన్ని శుక్రవారం మధ్యాహ్నం గోడకు అంటిస్తారు. ఆ కాగితం రాసేటప్పుడే సూపర్‌వైజర్‌కు ఎక్కడ మనుషులు తక్కువయ్యారో తెలుస్తుంది, తల పట్టుకుంటాడు. ఆ తలనొప్పితోనే బస్సెక్కుతాడు. మంగళవారానికల్లా ఉన్నవాళ్ళనే అటూ ఇటూ సర్దేసి మరిచిపోతాడు.

గురువారం ఆఫీసులో ఈ సంగతి చెబితే చార్టుబాబు రెండు చేతులూ పైకెత్తాడు. శుక్రవారం మధ్యాహ్నం పోస్టు పెట్టడమంటే ఖాళీ హాల్లో ఉపన్యాసం ఇవ్వడమే అన్నాడు. ఎర్ర గడిలో వేలు పెట్టి, చూడక్కా, అయిదేళ్ళ లెక్క ఇది అన్నాడు. ఈ అయిదేళ్ళలో మన పోస్టులు లాకర్లలో ఫోను పెట్టేవాళ్ళకోసం ఎన్ని రాశాం అని ఆమె అడిగింది. ఆయన నిజాయితీగా లెక్కవేసుకుని, ఒక్కటీ లేదన్నాడు. చైర్మన్ గారు పొద్దున నాలుగింటికి లేచి ఎవరి గురించైతే ఆలోచిస్తున్నారో, ఆ కార్మికులు చదవగలిగే వేళకు ఆయన పోస్టు ఒక్కసారి కూడా వెళ్ళలేదన్నమాట. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక చార్టుబాబే, సరే కట్టు చూద్దాం అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆడపడుచు మేడమీద గదిలో ఫోను మంచం మీద పెట్టి, దానికి వీపు తిప్పి కూర్చుందట. చూస్తే రాదని భయం. ఆఫీసులో సైరనక్క మాత్రం కళ్ళు తెరకు అంటించుకుని కూర్చుంది. రెండూ ముప్పై అయిదుకు పోస్టు వెళ్ళింది. ముప్పై ఏడుకు ఎవరో ఎడమదే పనికిరాదన్నారు. ముప్పై తొమ్మిదికి ఇంకొకరు, రెండూ బాగానే ఉన్నాయి, ఫోటోలో వెలుతురు దోషం అన్నారు. నలభైకి మూడో ఆయన, వెలుతురు కాదు బాబూ, అచ్చు రెండు సగాలూ కలిసేచోట పడే అతుకు గీత, నీ కళ్ళజోడు మార్పించుకో అన్నాడు. కళ్ళజోడు ఆయనకు కోపం వచ్చింది. నాలుగో ఆమె వచ్చి ఇద్దరూ తప్పేనంది. మూడయ్యేసరికి ఇరవైమంది ఆ రెండు రింగుల మీద పడి కొట్టుకుంటున్నారు. ఆల్ ది బెస్ట్ అన్నవాడు ఒక్కడూ లేడు.

మేడమీద ఫోను ఆగకుండా మోగుతుంటే ఆడపడుచు ఇక ఉండబట్టలేక తిరిగింది. అందరి వాదనలూ చదివింది. కుడిదే పనికిరాదు, లోపలి అంచున చిన్న బుడగ ఉంది, ఫోటోను పెద్దది చేసి చూడండి అని రాసింది. వాళ్ళు పెద్దది చేసి చూసినట్టున్నారు. వాదన అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత ఒక పంపుల ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు సూపర్‌వైజర్ విడిగా మెసేజి పెట్టాడు. సోమవారం పొద్దున రాగలరా, ఒక ట్రే చూపిస్తాను అని.

లెక్కప్రకారం ఆ పోస్టు పెద్ద గొప్పదేమీ కాదు. చప్పట్లు నలభై మూడు. చైర్మన్ గారివి నాలుగు వేలు. కానీ ఆ నాలుగు వేల చప్పట్ల వల్ల ఎవరింట్లోనూ ఏమీ మారలేదు. మన పోస్టు ఎంతమందికి అందిందన్నది చెప్పుకోవడానికి బాగుంటుంది, పని కావాల్సినవాడు అడగాల్సింది మాత్రం ఎవరికి అందిందని. ఈ మాట చార్టుబాబే అన్నాడు, సైరనక్క కాదు. అనేసి, తన చార్టు ముందు నిలబడి మెడ గోక్కున్నాడు.

సోమవారం ఆ సూపర్‌వైజర్ ఆమె ముందు ముప్పై రింగుల ట్రే పెట్టాడు. అందులో నాలుగు పనికిరానివి ఆయనే కలిపాడు. ఎన్నని చెప్పలేదు. ఆమె ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య దొర్లిస్తూ, మధ్యలో కిటికీ బయటికి చూస్తూ, అయిదు పక్కన పెట్టింది. అయిదోది బాగున్నదేనమ్మా అన్నాడాయన. కాదండీ అంది. దాన్ని పట్టుకుని లెన్సు గదిలోకి వెళ్ళినవాడు చాలాసేపటికి గాని రాలేదు. వచ్చాక రింగును బల్లమీద పెట్టి, ఎప్పట్నుంచి చేరతారు అని అడిగాడు.

చేరతానని చెప్పేముందు ఆమె ఒక మాట అడిగింది.

"షిఫ్టు అప్పగించే టైము డ్యూటీలో కలుస్తుందా సార్?"

కలవదు, ఇంతవరకూ ఎవరూ అడగలేదు అన్నాడు. నేను అడుగుతున్నట్టు రాసిపెట్టండి అందామె. ఆ టైము నాకూ ఎవరూ కలపడంలేదమ్మా అని ఆయన గొంతు తగ్గించి అన్నాడు. అయితే మీ పేరు కూడా రాయండి అంది. ఆయన నవ్వి, నిజంగానే కాగితం తీశాడు. ఆ కాగితం మీద ఇప్పటికి ముప్పై ఒక్క సంతకాలున్నాయి. పైవాళ్ళు ఇంకా తేల్చలేదు. తేల్చేదాకా ఇంకా సంతకాలు పడతాయి.

బట్టల దుకాణం యజమానురాలికి గడువుకు రెండురోజుల ముందే వెళ్ళి సంగతి చెప్పింది. ఆ కుర్చీలో తన పాత తనిఖీ టేబుల్ మనిషినే ఒకామెను కూర్చోబెట్టి వచ్చింది.

సైరనక్కకు ఇప్పుడు ఆఫీసు పని కాక ఇంకో పని తగులుకుంది. ఎవరెవరో వస్తున్నారు. హాస్టల్ వంటమనిషి వచ్చింది. ఆస్పత్రి లాండ్రీలో పనిపోయిన ఇద్దరు వచ్చారు. పోస్టులో ఏం రాయాలని వాళ్ళు అడుగుతారు. ఆమె మాత్రం, మీకు పనిచ్చే మనిషి రోజు మొత్తంలో ఫోను ఎప్పుడు పట్టుకుంటాడో ముందు చెప్పమంటుంది. వాళ్ళకు వెంటనే తట్టదు. ఆలోచించి చెబుతారు. వార్డులో పొద్దుటి మందులు పంచడం అయ్యాక పదకొండింటికి అంటారు. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక మూడున్నరకు అంటారు. అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటోంది. గడిలో అంకె వేసేముందు, నువ్వు కళ్ళారా చూశావా అని రెండోసారి అడుగుతుంది. చార్టుబాబు ఆ పుస్తకం అడిగి తీసుకుని, తన చార్టు పక్కన ఇంకో చార్టు మొదలుపెట్టాడు. దానికి ఇంకా రంగులు వెయ్యలేదు.

ఆడపడుచు పనిలో చేరిన మొదటిరోజు పొద్దున పదకొండింటికి సైరనక్కకు భర్త ఫోన్‌చేశాడు. గొంతులో కంగారు.

"చెల్లాయి ఫోను ఎత్తడంలేదు. నాలుగుసార్లు చేశాను."

"డ్యూటీలో ఉందండీ. ఫోను లాకరులో ఉంటుంది."

ఆయనకు గుర్తొచ్చింది. ఎనిమిది నెలలుగా ఆ ఫోను మొదటి రింగుకే ఎత్తడం అలవాటైపోయింది మరి.

"అయితే ఎత్తదన్నమాట" అన్నాడు.

"ఎత్తదు" అంది సైరనక్క.

తర్వాత ఆయన, డిపోలో టీ వచ్చింది, తాగొస్తానని పెట్టేశాడు. తాగాక మళ్ళీ ఒకసారి చెల్లెలికి ఫోన్‌చేశాడట, ఎత్తకుండా మోగుతుంటే వినడానికి.